తూర్పు వాలు రేకులు: ఒక సంవాదం

అన్న: నేనైతే వద్దంటున్న చెల్లె. మన మేడ మీది రేకులు తూర్పుకు వాలి ఉన్నయి. వాననీళ్లు తూర్పుకే పోవాలె, నైరుతి ఎత్తుండాలె అని నాయిన పట్టుబట్టి అట్ల వేయించిండు. సోలార్ ప్లేట్లేమో దక్షిణం చూడాలె. దిక్కే కుదరని కప్పు మీద పైసలు పోసుడెందుకు?

చెల్లె: అయితే దిక్కు ముచ్చటే ముందు తేల్చుకుందం అన్నా. దక్షిణం మేలన్నది నిజం. కని ఎంత మేలన్నది ఊరిని బట్టి ఉంటది. జర్మనీ అసొంటి దేశం 50 డిగ్రీల అక్షాంశం కాడ ఉన్నది. అక్కడ చలికాలం సూర్యుడు దక్షిణాన కిందికి ఉండే పోతడు. అక్కడ తూర్పుకు పెడితే నష్టం గట్టిగనే ఉంటది. అయినా అక్కడోళ్లు తూర్పు పడమర కప్పుల మీద పెట్టుకుంటనే ఉన్నరు. మన మిర్యాలగూడ 17 డిగ్రీలకు కొంచెం కిందనే ఉన్నది. మే మొదటి వారం దాటంగనే ఒకనాడు మిట్టమధ్యాహ్నం మన నీడ మన కాళ్ల కిందికే పోతది. అక్కడి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు దక్షిణాన కాదు, కొంచెం ఉత్తరాన ఉంటడు. ఆ మూడు నెలలు దక్షిణం చూసే ప్లేటుకే ఎదురు దెబ్బ. మన రేకుల వాలు పది డిగ్రీలు దాటదు. అంత తక్కువ వాలు మీద ఏడాది మొత్తం చూస్తే దక్షిణానికీ తూర్పుకూ తేడా నూటికి ఐదారు యూనిట్లే.

అన్న: ఏడాది లెక్క వేరు, దినం లెక్క వేరు. పొద్దున పదింటికి పిల్లలు బడికి పోతరు, నేను దుకాణానికి పోత. ఇల్లంతా ఖాళీ. ఎండకాలం పగటి పూట రెండు నుంచి ఐదు దాకా ఆ రేకుల కింద ఏసీ లేకుండ మనిషి ఉండలేడు. సరిగ్గా అప్పుడే తూర్పు వాలు మీద ఎండ పలచబడ్తది. అక్కర లేనప్పుడు వచ్చి, అక్కర ఉన్నప్పుడు తగ్గే కరెంటు అది.

చెల్లె: తగ్గుడు నిజం, ఆగుడు అబద్ధం. వాలు పది డిగ్రీలే గనుక సూర్యుడు పడమట బాగా కిందికి దిగేదాకా ఎండ ఆ రేకుల మీద పడ్తనే ఉంటది. సాయంత్రం నాలుగింటికి చదును కప్పు మీద మూడు పాళ్లు వచ్చేకాడ దీని మీద రెండు పాళ్లు వస్తది. ఇంకో ముచ్చట. ప్లేటుకు వెలుగు కావాలె గని వేడి గిట్టదు. 25 డిగ్రీలు దాటినంక ఒక్కో డిగ్రీకి నూటికి ముప్పై ఐదో నలభయ్యో పైసల వంతు ఉత్పత్తి పడిపోతది. మన నల్లగొండ జిల్లా మే నెల ఎండల ప్లేటు ఒళ్లు 65 డిగ్రీలు దాటుతది, ఆ లెక్కన నూటికి పద్నాలుగు పదిహేను పోయినట్టే. పొద్దుటి ఎండను పట్టే ప్లేటు చల్లటి పూట ఎక్కువ పని చేస్తది. వానకాలం మబ్బులు కూడా మనకాడ మధ్యాహ్నం దాటినంకనే ఎక్కువ కమ్ముతయి. ఇగ అక్కరకు వచ్చుడు, రాకపోవుడు అంటవా, నెట్ మీటరు ఉన్నది. పొద్దున మనం వాడని యూనిటు లైన్లకు పోతది, సాయంత్రం అదే లెక్కల నుంచి తీసుకుంటం. బిల్లుకు యూనిట్ల లెక్కే గని గంటల లెక్క లేదు.

అన్న: చలికాలం?

చెల్లె: చలికాలం తేడా పెరుగుతది, ఒప్పుకుంట. డిసెంబర్‌ల సూర్యుడు బాగా దక్షిణానికి పోతడు, అప్పుడు దక్షిణం చూసే ప్లేటుకూ మనదానికీ నూటికి పది దాటే తేడా ఉంటది. కని మీ ఇంట్ల కరెంటు తక్కువ కాలేది కూడా అప్పుడే కదా.

అన్న: సరే, దిక్కు పక్కన పెడ్త. పడమట మూడంతస్తుల బిల్డింగు లేచింది, మూడున్నరకల్లా మన రేకుల మీద దాని నీడ పడ్తది.

చెల్లె: అందుకే తూర్పు వాలు మేలంటున్న. సాయంత్రపు ఎండ ఎట్లాగూ మన చేతుల లేదు. పొద్దుటి ఎండకు ఎదురెవరూ లేరు.

అన్న: ఇయ్యాల లేరు. తూర్పున ఖాళీ ప్లాటు ఉన్నదా లేదా? దాని యజమాని ఏదో ఒకనాడు కడ్తడు. మిర్యాలగూడల ఇప్పుడు ఎవరూ ఒక్క అంతస్తుతోని ఆగుతలేరు. వాళ్లు కూడా మూడంతస్తులు లేపితే పొద్దున తొమ్మిది దాటేదాకా నీడ, మూడున్నర తర్వాత మళ్ల నీడ. నడిమిట్ల మిగిలేది ఎంత? నా ఎండకు అడ్డం కట్టకు అని చెప్పే హక్కు నాకున్నదా? పునాది తీసినంక పోయి బతిమాలితే వింటడా? నువ్వు పాతికేండ్ల లెక్క చెప్తున్నవు. ఆ ప్లాటు ఐదేండ్లు కూడా ఖాళీగ ఉండదు.

చెల్లె: దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు అన్నా. నడుమ ఆరు గంటల ఎండే బలమైనది, దినం మొత్తం ఉత్పత్తిల ముప్పాతిక వంతు అప్పుడే వస్తది, అంతవరకు చెప్పగల. ఒక ప్లేటు మీద నీడ పడితే దాని వెంట ఉన్నయి కూడా తగ్గకుండ ఒక్కో ప్లేటుకు ఒక్కో చిన్న ఇన్వర్టర్ పెట్టే పద్ధతి ఉన్నది, ఖర్చెక్కువ. కని పక్క ప్లాటు మీద మనకు హక్కు లేదన్నది మాత్రం అట్లనే ఉంటది. పట్నాలల్ల ఎండను కూడా ఒక ఆస్తిగ చూసే చట్టం రావాలె. అది వచ్చేదాకా ఇది మోయవలసిన భయమే.

అన్న: ఇగ రేకుల సంగతి చెప్త విను, ఎందుకంటే నిచ్చెన వేసుకొని ఎక్కేది నేను. మొన్న ఎక్కి చూసిన. హుక్కు బోల్టుల చుట్టూ తుప్పు పట్టి రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చలున్నయి. రబ్బరు వాషర్లు ఎండకు పెళుసై వేలితోని ఒత్తితే పొడి అయితున్నయి. కింది ఇనుప గొట్టాలు నాయిన అప్పట్ల దొరికిన సైజుల వేయించిండు, రేకుల బరువుకే. ఒక్కో ప్లేటు ఏడున్నర అడుగుల పొడవు, 27, 28 కిలోల బరువు. ఆరు పెడితే పట్టాలు, క్లాంపులు కలిపి రెండు క్వింటాళ్లు. బరువన్నా తట్టుకుంటయేమో, గాలి సంగతేంది? ఏప్రిల్, మే నెలలల్ల పొద్దుగూకంగ గాలిదుమారం లేస్తే మన వైపు ఎన్ని రేకుల షెడ్లు లేచిపోలేదు? ఇప్పుడు లేస్తే రేకులే పోతయి. అప్పుడు ప్లేట్లు కూడా కలిసి పోయి ఎవరి నెత్తి మీదనో పడ్తయి.

చెల్లె: అది నువ్వు చూసిన ముచ్చట, నేను కాదనలేను. ఆ గొట్టాలు సరిపోకపోతే మార్పించాలె, ఆ ఖర్చు సోలార్ లెక్కల వేసుకోవాలె. స్క్రూలు రేకు మిట్ట మీద కొట్టాలె, పల్లంల కొడితే మొదటి వానకే కారుతది. ప్లేటుకు, రేకుకు నడుమ నాలుగు వేళ్ల కంటె ఎక్కువ సందు ఉండాలె గాలి ఆడెటందుకు. కని ఎత్తుగ స్టాండు కట్టి దక్షిణానికి తిప్పి పెట్టినదానికంటె, రేకును అంటిపెట్టుకొని పరిచిన ప్లేటును గాలి తక్కువ పట్టుకుంటది. నువ్వు మొదలు అన్నవు చూడు, దక్షిణం చూడాలెనని, దాని కోసం స్టాండు లేపితే నీ గాలి భయం పెరుగుతది. ఐదారు యూనిట్లు వదులుకుంటే ఆ భయం తగ్గుతది. ఇంకొకటి, ప్లేట్ల నీడ రేకుల మీద పడ్తది. ఎండ నేరుగ రేకుకు తగలదు. నువ్వు చెప్పిన ఆ రెండు నుంచి ఐదు గంటల మంట కొంత చల్లబడ్తది.

అన్న: ఆ నీడ ముచ్చట బాగున్నది. దాని కోసమే అయితే తెల్ల పెయింటు వేసుకుంట, తక్కువల పోతది. కోతులను ఏం చేస్తవు? మంద దిగిందంటే రేకుల మీద ఎగిరి దుంకుతయి, కేబుల్ టీవీ వైర్లనే బతకనిస్తలేవు. బూడిద ఏం చేస్తవు? చుట్టూ రైసు మిల్లులు, ఊక కాల్చే బాయిలర్లు. అమ్మ ఆరేసిన తెల్ల చీర సాయంత్రం తీసి దులిపితే నల్లగ రాలుతది. ఆ బూడిద ప్లేట్ల మీద కూర్చోదా?

చెల్లె: కూర్చుంటది. వారానికి ఒకసారి కడగాలె, వానలు లేని నెలలల్ల. మా పాలమూరుల మా అత్తగారింటి మీద ఉన్నయి గనుక చెప్తున్న, కడిగే నీళ్ల సంగతి కూడా చూసుకోవాలె. బోరు నీళ్లు పోసి వదిలేస్తే ఆరినంక అద్దం మీద సున్నం చారలు ఉండిపోతయి, గోకినా పోవు. పొద్దు పొడవక ముందు, అద్దం చల్లగ ఉన్నప్పుడు కడిగి, వెంటనే రబ్బరు కర్రతోని నీళ్లు లాగేయాలె. మనది ఫ్లోరైడు నీళ్ల జిల్లా, బోరు నీళ్లు ఎట్లుంటయో నీకు చెప్పనక్కర లేదు. కోతులకు మా ఇంటి కాడ వైర్లన్నీ పైపులల్ల వేసిన్రు. ప్లేటు అద్దం గట్టిదే, కోతి దుంకితే పగలదు. రాయి వేస్తే పగుల్తది.

అన్న: నువ్వు పాలమూరుల ఉంటవు. ఇక్కడ పొద్దు పొడవక ముందు రేకులెక్కి కడిగేది నేను, లేకపోతే మీ వదిన.

చెల్లె: అది నిజం. పని మీది, మాట నాది. అందుకే పైసల లెక్క నీ వైపు నుంచే చూసిన. పై మీటరు మీద ఎండకాలం నాలుగు నెలలు 400 యూనిట్ల దగ్గర కాలుతున్నది, చలికాలం నాలుగు నెలలు 180, మిగతా నాలుగు నెలలు 280. ఇప్పుడున్న రేట్లల్ల 400 యూనిట్లకు 2,690 రూపాయలు, 280కి 1,636, 180కి 724. ఏడాదికి 20 వేలు దాటుతది, ఫిక్స్‌డ్ చార్జీ, సుంకం కాక. స్లాబు ఎట్లున్నదో చూడు. 200 యూనిట్లు కాలిస్తే 820 రూపాయలు. 201 కాలిస్తే మొదటి యూనిటు నుంచే రేటు మారిపోయి వెయ్యి దాటుతది. సోలార్ పెడితే ముందు పోయేది ఆ పై స్లాబులే, 7 రూపాయల 70 పైసల యూనిట్లు, 9 రూపాయల యూనిట్లు. మూడు కిలోవాట్లు కూడా అక్కర లేదు, రెండు చాలు. నాలుగు ప్లేట్లు. తూర్పు నష్టం తీసేసినా ఏడాదికి 2,600 యూనిట్లకు తగ్గవు. ఖర్చు లక్షా నలభై వేల దగ్గర. పీఎం సూర్యఘర్ కింద మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30 వేల చొప్పున 60 వేలు వెనక్కి వస్తది, మూడో కిలోవాటుకైతే 18 వేలే. మిగిలిన 80 వేలు ఐదారేండ్లల్ల తిరిగి వస్తది. ఆ పథకం 2026-27 దాకే.

అన్న: ముందు మొత్తం మనమే కట్టాలె, సబ్సిడీ ఆ తర్వాత ఖాతాల పడ్తది, అది కూడా చెప్పు. గొట్టాలు మార్చే ఖర్చు నీ 80 వేలల్ల లేదు, పది పన్నెండేండ్లకు ఇన్వర్టర్ మార్చే ఖర్చు లేదు. అయినా లెక్క కుదురుతది, ఒప్పుకుంట. బ్యాంకుల వేస్తే వచ్చే వడ్డీ కంటె ఎక్కువే. నా బాధ ఇంకోచోట ఉన్నది. కింద అమ్మ మీటరు చూడు. తెల్ల కార్డు ఉన్నది, 200 యూనిట్ల లోపు కాలుతున్నది, 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద సున్నా బిల్లు. ఒకే ఇల్లు, ఒకే కప్పు, కింద ప్రభుత్వం ఉచితంగ ఇస్తున్నది, మీద నన్ను అప్పు చేసి తయారు చేసుకొమ్మంటున్నది. చేన్లల్ల బోరు మోటార్లకు 2018 జనవరి నుంచి ఇరవై నాలుగు గంటలు ఉచితం. ఉచితంగ వచ్చేకాడ ఎవడన్న పైసలు పెడ్తడా? నాలాంటోడు ఒక్కడే పెట్టాలె.

చెల్లె: పెట్టమని ఎవరూ బలవంతం చేస్తలేరు.

అన్న: బలవంతం కాదు, న్యాయం అడుగుతున్న. కొంచెం ఓపికతోని విను. తొమ్మిది రూపాయల యూనిటు నేనెందుకు కడ్తున్న? 50 యూనిట్లు కాల్చేటోనికి రూపాయి 95 పైసలకే దొరికేటందుకు. పై స్లాబులోళ్లు ఎక్కువ కడితేనే కింది స్లాబులోళ్లకు తక్కువల వస్తది, అట్ల నడుస్తున్నది ఈ లెక్క. ఇప్పుడు పై స్లాబుల ఉన్నోళ్లు ఎవరు? సొంత ఇల్లు, సొంత కప్పు, చేతుల లక్ష రూపాయలు ఉన్నోళ్లు. వాళ్లందరు సోలార్ పెట్టుకొని ఆ తొమ్మిది రూపాయల యూనిట్ల నుంచి తప్పుకుంటే ఆ బరువు ఎవరి మీద పడ్తది? కిరాయికి ఉండేటోళ్ల మీద. వాళ్లకు కప్పు లేదు. ఒకే అర్రల ఉండి బీడీలు చేసేటామె మీద. లేకపోతే ప్రభుత్వం మీద, అంటే మళ్ల అందరి మీద. అంతటితోని అయిపోయిందా? సాయంత్రం ఆరు నుంచి పది దాకా నా ప్లేట్లు పని చేయవు. అప్పుడు కరెంటు ఎక్కడిది? శ్రీశైలందో, నాగార్జునసాగర్‌దో, మన దామరచర్ల మండలం వీర్లపాలెంల కట్టిన యాదాద్రి థర్మల్ ప్లాంటుదో. ఆ 4,000 మెగావాట్ల ప్లాంటు, ఆ స్తంభాలు, ఆ తీగలు, ఆ లైన్‌మన్, అవన్నీ నా కోసం కనిపెట్టుకొని ఉండాలె. ఉన్నందుకు నేను కట్టేది మాత్రం దాదాపు ఏమీ లేదు. పగలు నేనిచ్చిన యూనిటుకూ, రాత్రి నేను తీసుకున్న యూనిటుకూ విలువ ఒకటేనా? డిస్కంకు రాత్రి యూనిటు ఎంత పిరమో లైన్‌మన్‌ను అడిగినా చెప్తడు.

చెల్లె: ఇది బలమైన మాట. కొట్టిపారేయను. పగటి యూనిటు, రాత్రి యూనిటు ఒకటి కావు. ఒకనాటికి లెక్క మారుతది, మారాలె కూడా. కని నువ్వు విడిచిన వైపు కూడా చూడు. బోరు మోటార్లు నడిచేది ఎక్కువ పగలే. నల్లగొండ, పాలమూరు జిల్లాలల్ల బత్తాయి తోటకైనా, వరికైనా చాలాకాడ నీళ్లు లాగేది బోరే. ఎండకాలం పగలు ఏసీలు, మోటార్లు, రైసు మిల్లులు అన్నీ ఒకేసారి గుంజుతయి. అప్పుడు మన రేకుల మీద పుట్టిన యూనిటు దూరం పోదు, అదే ట్రాన్స్‌ఫార్మర్ కింద పక్కింటోళ్లు వాడుకుంటరు. తీగలల్ల పోయే నష్టం మిగుల్తది. యాదాద్రి ప్లాంటుకు బొగ్గు కాలాలె, బూడిద చెరువు నిండాలె. ఆ బూడిద చుట్టూ ఉన్న ఊర్లు ఎవరియి? మనయే. అమ్మ చీర మీద రాలే బూడిదకు నీకు అంత కోపం వచ్చింది కదా. బొగ్గు తగ్గిన ప్రతి టన్నూ మన జిల్లాకే లాభం. అది నా బిల్లుల కనబడదు, నీ బిల్లుల కనబడదు, అందుకే ఎవరూ లెక్క వేయరు.

అన్న: నాలుగు ప్లేట్లతోని ఎన్ని టన్నులు తగ్గుతది?

చెల్లె: నాలుగింటితోని ఏడాదికి రెండు టన్నుల బొగ్గు కూడా తగ్గదు. ఊరంతా పెడితే చూడు. కొండారెడ్డిపల్లి చూసినవా? మా వైపే, వంగూరు మండలం, పాత పాలమూరు జిల్లా, ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లా. 2025ల 480 ఇండ్ల మీద, ఇంటికి 3 కిలోవాట్ల చొప్పున పెట్టిన్రు. బడి మీద, పంచాయతీ మీద కూడా. అక్కడ కప్పు ఉన్నోడు, లేనోడు అనే నీ భయం చాలావరకు తీరింది, ఊరుమ్మడి పని గనుక. పైసలున్నోడు ముందు పోయి లేనోన్ని వెనుక వదిలేసిన కథ కాదది.

అన్న: అది ముఖ్యమంత్రి సొంతూరు చెల్లె. కేంద్రం సబ్సిడీ వచ్చింది, ఒక కంపెనీ సీఎస్‌ఆర్ కింద కోట్లు ఇచ్చింది, అధికారులు ఇల్లిల్లూ తిరిగిన్రు. జిల్లాకొక మోడల్ సోలార్ గ్రామం అంటున్నరు, మంచిదే. మన వార్డుకు ఎవరు వస్తరు? నేను వ్యతిరేకం కాదు. ప్రభుత్వం గృహజ్యోతి కింద ప్రతి నెలా డిస్కంకు కట్టే పైసలల్ల కొంత తీసి, అమ్మలాంటోళ్ల కప్పుల మీద ప్లేట్లు పెట్టిస్తే, ఐదారేండ్లకు ఆ సబ్సిడీ భారమే తగ్గిపోతది. అట్ల చేస్తే నేనే ముందు నిలబడి రేకులు ఊడదీపిస్త. ఒక్కొక్కరు ఎవరి బిల్లు వాళ్లు తగ్గించుకునుడు వేరు, ఊరు ఊరంతా మారుడు వేరు.

చెల్లె: ఊరు మారుడు ఎట్ల మొదలైతది? ఒకరింట్ల చూసి ఇంకొకరు. మా గల్లీల మా ఇల్లే మొదటిది. ఇప్పుడు అదే వరుసల ఇంకా కొన్ని కనబడ్తయి.

అన్న: చూసి పెట్టుకున్నంక నియమం మారితే? కాలిఫోర్నియల ఏమైంది, మన తెలుగోళ్లు ఎందరో ఉన్న చోటు. 2023 ఏప్రిల్ల కొత్త పద్ధతి తెచ్చి, లైన్లకు పంపే యూనిటుకు ఇచ్చే విలువ నాలుగింట మూడొంతులు కోసిన్రు. అందరూ పెట్టుకున్నంక కరెంటు కంపెనీలు నేను చెప్పిన మాటే చెప్పినయి, తీగల ఖర్చు ఎవరు భరిస్తరని.

చెల్లె: పూర్తిగ చెప్పు మరి. అంతకు ముందు పెట్టుకున్నోళ్లకు ఇరవై ఏండ్ల దాకా పాత పద్ధతే ఉంచిన్రు. నియమం మారుతదన్న భయం ఉంటే ముందు పెట్టుకునుడే మేలని కదా దాని అర్థం.

అన్న: అక్కడ ఉంచిన్రు. ఇక్కడ ఉంచుతరని రాసిచ్చేది ఎవరు?

చెల్లె: ఎవరూ ఇయ్యరు.

అన్న: కరెంటు పోయినప్పుడు సంగతి కూడా ఉన్నది. ఆ నడుమ మన గల్లీల ఒకాయన పెట్టించుకొని, మిట్టమధ్యాహ్నం కరెంటు పోతే ఫ్యాను తిరగలేదని ఇంటి ముందట నిలబడి ఆగమాగం అయిండు. నెత్తి మీద ఎండ ఉన్నది, ప్లేట్లున్నయి, ఇంట్ల చీకటి.

చెల్లె: అది ముందే చెప్పాలె, చాలామంది చెప్తలేరు. లైన్ల కరెంటు పోతే సోలార్ ఇన్వర్టర్ తనంతట తనే ఆగిపోతది. ఆగాలె కూడా. లేకపోతే స్తంభం ఎక్కి తీగ పట్టుకున్న లైన్‌మన్‌కు మన ఇంటి కరెంటు తగుల్తది. కరెంటు పోయినప్పుడు కూడా నడవాలంటే బ్యాటరీ ఉండే హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలె, అప్పుడు నా ఐదారేండ్ల లెక్క పదేండ్లకు పోతది. మనకు పాత బ్యాటరీ ఇన్వర్టర్ ఉన్నది, ఫ్యానుకు, లైటుకు అది చాలు.

అన్న: ఇన్ని చెప్పినవు గని అసలుదానికి రాలేదు. ఆ రేకులు ఎన్నాళ్లకు వేసినయి? నాయిన ఏనాడూ అది ఇంటి కప్పు అనుకోలేదు. పైసలు కూడితే రేకులు తీసి స్లాబు వేద్దం, మీద ఇంకో అంతస్తు లేపుదం అనుకున్నడు. నేను కూడా అదే అనుకుంటున్న, పెద్దోడి పెండ్లి వరకన్నా. ప్లేట్లు పాతికేండ్లు అక్కడ ఉంటయంటున్నవు. అంటే పాతికేండ్లు నేను మీద కట్టనని మాటిచ్చినట్టే కదా.

చెల్లె: ప్లేట్లు ఊడదీసి మళ్ల పెట్టొచ్చు. స్లాబు వేసినంక దాని మీద దక్షిణానికే తిప్పి పెట్టుకోవచ్చు, నువ్వు కోరిన దిక్కుకు.

అన్న: ఊడదీసే కూలి, కొత్త స్టాండు, మళ్ల కనెక్షన్ కోసం తిరుగుడు. అవన్నీ ఉండవా? అప్పటిదాకా ఆగి స్లాబు మీదనే పెట్టుకుంటే పోలే?

చెల్లె: ఆగితే సబ్సిడీ ఉంటదో లేదో. నువ్వు ఆ అంతస్తు మాట ఎన్నేండ్ల నుంచి అంటున్నవు అన్నా? ఆగిన ఒక్కో ఏడాది 15 వేలకు తక్కువ కాకుండ బిల్లుల పోతున్నది. గొట్టాలు ఎట్లాగూ మార్చాలెనని నువ్వే చూసి వచ్చినవు. అవి మార్చినప్పుడే గట్టియి వేయించి ప్లేట్లు పెట్టుకుంటే ఒకే కూలితోని పని అయిపోతది.

అన్న: సరే, పెట్టాలెననే అనుకుందం. దరఖాస్తు ఎవరి పేరు మీద? మీటరు ఎవరి పేరు మీద ఉంటే వాళ్ల పేరు మీదనే వేయాలె. రెండు మీటర్లూ ఇంకా నాయిన పేరు మీదనే ఉన్నయి.

చెల్లె: పై మీటరు నీ పేరు మీదికి మార్చుకో. నా సంతకం కావాలంటే పెడ్త.

అన్న: సంతకం పెడ్తవని తెలుసు. కప్పుల నీకు భాగం ఉన్నది కదా చెల్లె. బిల్లు తగ్గేది నాకు, కప్పు అందరిది. రేపు నీ బిడ్డ ఇక్కడ చదువుకుంటనంటే, నీకొక అర్ర మీద వేసుకోవాలనిపిస్తే, నా ప్లేట్లు అడ్డమైతే, అప్పుడు?

చెల్లె: అప్పుడు తీయమంట. తీస్తనని కాగితం మీద రాయి.

అన్న: రాస్తే అది సోలార్ కాగితం కాదు, పంపకాల కాగితం. అమ్మ ఉండంగ అది రాయనని అనుకున్న.

చెల్లె: అమ్మనే అడుగుదం మరి. ఆమె మిరపకాయలు ఆరబోసుకునే జాగ పోదు, ప్లేట్లు ఉండేది రేకుల మీదనే గనుక. ఆమె సున్నా బిల్లు కూడా పోదు, ఆ మీటరు వేరే గనుక.

అన్న: అడుగు. తూర్పు ప్లాటు సంగతి కూడా దాయకుండ చెప్పి అడుగు. ముందుగాల మాత్రం ఇనుప పని మేస్త్రీని పిలిచి ఆ గొట్టాలు చూపిస్త. అవి మోయవని ఆయన అంటే అమ్మ ఒప్పుకున్నా నేను ఒప్పుకోను.

చెల్లె: మోస్తయంటే?

అన్న: అప్పుడు కాగితం ముచ్చట ఉంటది. దానికి నేను ఇంకా హా అనలేదు.